మ్యూట్‌లో చూసిన సినిమా సౌండ్‌తో చూస్తే వేరే సినిమా అయిపోయింది, అనిమేలో మ్యూజిక్ అంత పని చేస్తాదా?

బుగ్గవంక_22, కడప

అందరికీ నమస్తే. రెండు వారాల నుంచి ఒక డౌట్ బుర్రలో తిరుగుతానే ఉండాది, ఇంట్లో అడిగితే బొమ్మల సినిమాకి ఇంత ఆలోచన దేనికిరా అంటారు, అందుకే ఇక్కడ రాస్తాండా. కొంచెం పొడుగైతాది, ఓపిగ్గా చదవండి.

మే నెల్లో నా ల్యాప్‌టాప్ స్పీకర్లు పోయినాయి. హెడ్‌ఫోన్స్ పెట్టే పిన్ కాడ కూడా లూజే, ఒక చెవికి వస్తే ఇంకో చెవికి రాదు, ముట్టుకుంటే గరగర. షాపులో చూపిస్తే పార్టు రావల్ల, రేపు రా, ఎల్లుండి రా అని 10 రోజులు తిప్పినారు. కడపలో మే నెల మధ్యాహ్నం ఎట్లుంటాదో మీకు చెప్పక్కర్లేదు, తలుపులేసుకుని కూలర్ ముందర కూర్చుని, సౌండ్ మొత్తం తీసేసి సబ్‌టైటిల్స్ చదువుకుంటా సినిమాలు చూసినా. అట్ల చూసినవాటిల్లో ఒకటి ఎ సైలెంట్ వాయిస్ అనే అనిమే, అంటే జపాన్ వాళ్ళ బొమ్మల సినిమా, 2016లో వచ్చిన క్యోటో యానిమేషన్ స్టూడియో వాళ్ళది. చెవులు వినపడని అమ్మాయి, చిన్నప్పుడు బడిలో ఆ పిల్లను ఏడిపించిన పిల్లోడు, పెద్దయినాక వాడే సైగల భాష నేర్చుకుని ఆ పిల్ల దగ్గరికి పోతాడు, అదీ కథ. చూసినా, కథంతా అర్థమయింది, బాగుంది అనుకున్నా, పడుకున్నా. అంతే.

స్పీకర్లు బాగయినాక మా చెల్లెలు నేను కూడా చూస్తా అంటే మళ్ళీ పెట్టినా. చూడనోళ్ళు ఈ పేరా వదిలేయండి, ఆఖరి సీన్ చెప్తాండా. ఆ పిల్లోడికి మనుషుల మొహాలు చూడబుద్ధి కాదు, అందుకే వాడి కంటికి చుట్టూ ఉండే మొహాల మీద పెద్ద పెద్ద క్రాస్ గుర్తులు కనపడతాంటాయి. ఆఖర్లో స్కూల్ ఫెస్టివల్లో ఆ గుర్తులన్నీ రాలి కింద పడిపోతాయి. మ్యూట్‌లో చూసినప్పుడు మంచి ఐడియా పెట్టినారే అనుకున్నా, అంతవరకే. సౌండ్‌తో చూస్తే, అన్ని రోజులు వాడు లోపలికి రానీకుండా ఆపుకున్న గోలంతా, నడిచేవాళ్ళు, నవ్వేవాళ్ళు, పిలుచుకునేవాళ్ళు, అదంతా ఒక్కసారి వాడి చెవుల్లోకి వచ్చేస్తాది, దాంతోపాటు మ్యూజిక్ లేస్తాది, నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయి చెల్లెలి పక్క చూడలేకపోయినా. అవే బొమ్మలు, అవే మాటలు, నేను ముందే చూసేసిన సినిమా.

మా బావకు చెప్పినా. మా మేనమామ కొడుకు, మంచోడే, సినిమాలు బాగా చూస్తాడు. ఆయనేమన్నాడంటే, నువ్వు ఏడ్చింది కథకు కాదురా, మ్యూజిక్కుకు, ఎర్రగడ్డ కోసినా కండ్లల్లో నీళ్ళొస్తాయి, దానికి బాధ ఉండాల్సిన పని లేదు, కథలో దమ్ముంటే సౌండ్ లేకున్నా నువ్వు ఏడ్చి ఉండల్ల. నాకు జవాబు తోచలేదు.

నేను అడిగేది ఏందంటే, మ్యూజిక్ మనల్ని మోసం చేస్తాందా, లేకుంటే అది కూడా కథలో భాగమేనా? ఇంకోటి, ఆ 10 రోజుల్లో తెలుగు సినిమాలు కూడా మ్యూట్‌లో చూసినా, వాటికి ఇంత తేడా రాలేదు, యాక్టర్ మొహం చూస్తే సగం తెలిసిపోతాది. అనిమేకి మాత్రం ఇట్ల ఎందుకు? తెలిసినోళ్ళు చెప్పండి.

క్లాక్‌టవర్_అనంత, అనంతపురం

తమ్ముడూ, నీ రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతా, మొదటిదానికి జవాబు కూడా దాంట్లోనే ఉండాదని నాకు అనిపిస్తాంది.

అనిమేలో బొమ్మ నిజానికి శానా తక్కువ కదులుతాది. సినిమా అంటే సెకనుకు 24 ఫ్రేములు కదా, టీవీ అనిమేలో ఎక్కువగా ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేములు నిలబెడతారు, అంటే సెకనుకు 8 బొమ్మలే. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్లయితే అది కూడా ఉండదు, మొహం అట్లనే ఉంటాది, నోరు మాత్రం రెండు మూడు బొమ్మలతో తెరుచుకుంటా మూసుకుంటా ఉంటాది. ఈ పద్ధతి జనాల్లోకి వచ్చింది 1963 జనవరి 1న టీవీలో మొదలైన ఆస్ట్రో బాయ్‌తో. ఒసాము తెజుకా స్టూడియో వాళ్ళు వారం వారం అరగంట ఎపిసోడ్ ఇయ్యల్ల, డబ్బు చాలదు, టైం చాలదు, అన్ని బొమ్మలు ఎవరు గీస్తారు? అందుకని నిలబడిపోయిన బొమ్మ మీదనే కెమెరా జరిపినారు, గీసిన బొమ్మనే దాచిపెట్టుకుని మళ్ళీ మళ్ళీ వాడినారు. కరువులో కాపురం నెట్టుకొచ్చినట్టు నెట్టుకొచ్చినారు. మరి బొమ్మ చేయలేని పని ఇంకెవరో చేయల్ల కదా, ఆ బరువు గొంతు, చప్పుడు, మ్యూజిక్ మోసినాయి. నువ్వు చూసిన తెలుగు సినిమాల్లో యాక్టర్ రెప్ప కొట్టేది, గుటక మింగేది, దవడ బిగించేది అన్నీ కెమెరా పట్టుకుంటాది, ఎవరూ పనిగట్టుకుని పెట్టకపోయినా అవి ఉంటాయి. గీసిన మొహంలో ఎవరో గీస్తే తప్ప ఏదీ ఉండదు.

ఇదంతా నాకు అనిమే చూడకముందే అర్థమయింది. మా అవ్వ వాళ్ళ ఊరు ధర్మవరం పక్కన, అక్కడికి దగ్గర్లోనే నిమ్మలకుంట, తోలుబొమ్మల వాళ్ళ ఊరు. ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ మాకు ఎప్పటికీ అనంతపురమే. నాకు ఏడెనిమిదేండ్లప్పుడు శివరాత్రి జాగారానికి ఊర్లో రామాయణం ఆట పెట్టించినారు. తెల్ల పంచె తెర, వెనక వెలుతురు. సీతమ్మ అశోకవనంలో కూర్చోనుంది, తెర వెనక నుంచి ఒకామె పద్యం ఎత్తుకుంది, హార్మోనియం ఆమె వెంటనే పోతాంది, పక్కన మా అవ్వ కొంగుతో కండ్లు ఒత్తుకుంటాంది, నాకైతే సీతమ్మ భుజాలు ఎగిసిపడుతున్నట్టే కనపడినాయి. ఎట్ల ఆడిస్తాండారో చూడాలని లేచి పక్కనుంచి తెర వెనక్కి పోయినా. సీతమ్మను ఎవరూ పట్టుకోలేదు! తెరకు ముల్లు గుచ్చి నిలబెట్టినారు. మేకతోలు, రంగులు, నగల కోసం పొడిచిన చిల్లులు, ఒక ముల్లు, అంతే. పాడే ఆమె ఆ బొమ్మ పక్కకు కూడా చూడటం లేదు, కండ్లు మూసుకుని ఒక చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని పాడతాంది.

తర్వాత యుద్ధం వచ్చింది. హనుమంతుణ్ణి ఆడించే ఆయన కాళ్ళ కింద చెక్క పలకలుండాయి, బొమ్మను ఎగరేసినప్పుడల్లా వాటి మీద ధనాధన తొక్కుతాడు. బొమ్మ కదిలింది మూరెడు, చప్పుడు మాత్రం లంకంతా కదిలినట్టు. ముందర కూర్చున్నోళ్ళకు హనుమంతుడు దూకినాడు. ఆ పలకలు తీసేస్తే మూరెడు తోలు ఎగిరింది, అంతే.

ఇప్పుడు మీ బావను అడుగు, మా అవ్వ ఏడ్చింది సీతమ్మ కోసమా, పద్యం కోసమా? కథ మా అవ్వకు కంఠతా వచ్చు, రాముడు వస్తాడని తెలుసు, అయినా ఏడ్చింది. ఆ పద్యం సీతమ్మకు తప్ప ఇంకెవరికీ పనికిరాదు, అందులో మాటమాటా ఆమెదే. ఎర్రగడ్డకు సీతమ్మ ఎవరో తెలీదు, పద్యానికి తెలుసు.

బురుజు_కాడ, కర్నూలు

అక్కా, ఆ ముల్లు సంగతి చదివి కాసేపు ఏమీ టైప్ చేయలేకపోయినా, చాలా బాగా చెప్పినారు. అయినా నేను తమ్ముడి బావ పక్కన కొంచెం నిలబడతా.

మాది ఉల్లి పండించే ఇల్లు, మేము ఉల్లిగడ్డ అంటాం. కోస్తే మా అమ్మకు కన్నీళ్ళు వస్తాయి. బండికెత్తుకుని మార్కెట్ యార్డుకు పోయినాక రేటు పడిపోయి అడిగే నాథుడు లేనప్పుడు మా నాయనకు కూడా వస్తాయి. రెండూ నీళ్ళే, బయటినుంచి చూసేవాళ్ళకు తేడా తెలీదు, వచ్చినోళ్ళకు తెలుస్తుంది. అనిమే మ్యూజిక్‌లో ఈ రెండు రకాలూ ఉన్నాయని నేనంటా. కొన్ని సిరీస్‌లలో పాత్ర ఎవరో మనకు సరిగ్గా పరిచయం కాకముందే వాడి చిన్నప్పటి కథ ఒక రెండు నిమిషాలు చూపించి, పియానో పెట్టి, వెనక వయొలిన్లు తెచ్చి, ఏడువు ఏడువు అని మెడ మీద కూర్చుంటారు. వారం తర్వాత ఇంకో పాత్ర చచ్చిపోతే మళ్ళీ అదే ట్యూన్. ఫైట్లు కూడా అంతే, ప్రతిదానికీ వందమంది కోరస్ అరుస్తాంటే ఏ ఫైట్ పెద్దదో ఏది చిన్నదో ఎట్ల తెలియాల? అక్కడ మ్యూజిక్ బొమ్మ బరువు మోయడం లేదు, కథ రాసినోడు ఎగ్గొట్టిన పని కప్పిపెడతాంది.

ఇంకోటి, సౌండ్‌ట్రాక్ గురించి మాట్లాడేవాళ్ళు అందరూ ట్యూన్ల గురించే మాట్లాడతారు గానీ ఆపడం గురించి మాట్లాడరు. ఎవాంజెలియన్ అని ఒక టీవీ అనిమే, 1995లో మొదలైంది, అందులో 22వ ఎపిసోడ్‌లో ఇద్దరమ్మాయిలు లిఫ్ట్‌లో పక్కపక్కన నిలబడి ఉంటారు, ఒకరంటే ఒకరికి పడదు. దాదాపు నిమిషం సేపు బొమ్మ కదలదు, మాట లేదు, మ్యూజిక్ లేదు, లిఫ్ట్ చప్పుడు ఒక్కటే. నేను మొదటిసారి చూసినప్పుడు నెట్ ఆగిపోయిందేమో అని ఫోన్ మీద తట్టినా, ఆగలేదు, అట్లనే తీసినారు. ఆ నిమిషంలో నాకు ఊపిరాడలేదు. అక్కడ ఒక వయొలిన్ పెట్టి ఉంటే మొత్తం పోయుండేది. కాబట్టి తమ్ముడూ, మీ బావ అన్నది పూర్తిగా తప్పు కాదు, మోసం చేసే మ్యూజిక్ ఉంది, నువ్వు చూసిన సినిమా మాత్రం ఆ రకం కాదు, అంతవరకు ఒప్పుకుంటా.

ప్రొద్దుటూరు_కీస్, ప్రొద్దుటూరు

నేను పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో 14 ఏండ్లుగా కీబోర్డు వాయిస్తాండా, అనిమే పిచ్చి మా తమ్ముడి వల్ల పట్టుకుంది, కాబట్టి వాయించేటోడి పక్క నుంచి చెప్తా. కొంచెం ఎక్కువే రాస్తా, ఈ టాపిక్ నాకు ప్రాణం.

కర్నూలు అన్న చెప్పిన అదే ట్యూన్ మళ్ళీ మళ్ళీ రావడం ఉంది కదా, దానికి కారణం వాళ్ళు పని చేసే పద్ధతి. టీవీ సిరీస్‌లకు చాలావరకు మ్యూజిక్ డైరెక్టర్ ఒక్కో ఎపిసోడ్ చూసుకుంటా కంపోజ్ చేయడు. ముందే ఒక లిస్టు ఇస్తారు, వాళ్ళు దాన్ని మెనూ అంటారు, బాధ ఒకటి, బాధ రెండు, మామూలు రోజు, అనుమానం, ఫైట్ మొదలు, ఫైట్ మధ్యలో, ఇట్ల పదుల కొద్దీ ముక్కలు, ఏది ఎంతసేపు ఉండల్లో కూడా రాసి. ఆయన అన్నీ చేసి ఇచ్చేస్తాడు. తర్వాత ఏ ముక్క ఏ సీన్‌లో యాడ మొదలుపెట్టల్ల, యాడ కోసేయల్ల అనేది ఇంకో మనిషి చూసుకుంటాడు, ఓన్‌క్యో కంటోకు అంటారు, అంటే సౌండ్ డైరెక్టర్. మనం మ్యూజిక్ డైరెక్టర్ పేరు గుర్తుపెట్టుకుంటాం, ఈయన పేరు ఎవరికీ తెలీదు. ఆ లిఫ్ట్ సీన్ లాంటివాటిల్లో ఏమీ పెట్టకుండా వదిలేయడానికి కూడా ధైర్యం కావల్ల అన్నా. ఇంకో సంగతి, అదే ఎవాంజెలియన్ 24వ ఎపిసోడ్ ఆఖర్లో మళ్ళీ నిమిషం పాటు బొమ్మ నిలబడిపోతాది, ఈసారి పైన బీథోవెన్ తొమ్మిదో సింఫనీ మోగుతాంటాది. రెండు ఎపిసోడ్ల తేడాలో అదే పని ఒకసారి మ్యూజిక్ లేకుండా, ఒకసారి ప్రపంచంలో అందరికీ తెలిసిన మ్యూజిక్‌తో చేసినారు, రెండూ పనిచేసినాయి. వీలుంటే రెండూ ఒకే రాత్రి చూడు.

కొందరు మెనూ పద్ధతిని తిరగేసినారు. కౌబాయ్ బీబాప్ అనే సిరీస్, 1998, దాని మ్యూజిక్ డైరెక్టర్ యోకో కన్నో, ఆ సిరీస్ డైరెక్టర్ అడగని ట్యూన్లు కూడా చేసి ఇచ్చేదంట, ఆయన వాటిని విని కొత్త సీన్లు పుట్టించుకునేవాడంట. ఇంకో మ్యూజిక్ డైరెక్టర్ జో హిసాయిషి అయితే డైరెక్టర్ మియాజాకి సినిమా నౌసికాకు 1983లోనే, సినిమా రాకముందే, ఆ కథ ఊహించుకుని ఒక ఆల్బమ్ చేసినాడు, అది నచ్చి 1984 సినిమాకు కూడా ఆయన్నే పెట్టుకున్నారు, అక్కడి నుంచి నలభై ఏండ్లు ఇద్దరూ కలిసి చేస్తానే ఉండారు. మ్యూజిక్ ముందు పుట్టి బొమ్మ తర్వాత పుడితే, ఆ బొమ్మ నడకలోనే తాళం ఉంటాది.

ఇప్పుడు తమ్ముడి సినిమా కాడికి వస్తా, అసలు ఇది చెప్పడానికే అకౌంట్ ఓపెన్ చేసినా. ఎ సైలెంట్ వాయిస్‌కు మ్యూజిక్ కెన్సుకె ఉషియో, డైరెక్టర్ నవోకో యమదా. ఉషియో ఏం చేసినాడో తెలుసా, గోడకానించే రకం పియానో ఉంటాది కదా, నిలువు పియానో, దాని లోపల మైకులు పెట్టినాడు. మామూలుగా రికార్డింగ్‌లో మనం దేన్ని రానీకుండా చూసుకుంటామో అదే ఆయన కావాలనుకున్నాడు. మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి లేచి తీగను కొడతాది, ఆ సుత్తికి ఫెల్ట్ గుడ్డ ఉంటాది, వదిలితే కట్టె కట్టెకు తగులుతాది, పెడల్ తొక్కితే కిర్రుమంటాది. స్వరం కంటే ముందు, స్వరం తర్వాత వచ్చే ఈ చప్పుళ్ళన్నీ ఆ సినిమా మ్యూజిక్‌లో ఉంటాయి. ఎందుకంటే చెవి మిషన్ పెట్టుకున్నోళ్ళకు మాట ఒక్కటే వినపడదు, మిషన్ అన్నిటినీ పెద్దగా చేస్తాది, కుర్చీ జరిపింది, కాగితం నలిపింది, గాలి, అన్నీ. మా నాయన మిషన్ పెట్టుకుంటాడు, పెండ్లి భోజనాల హాల్లోకి వచ్చినాడంటే తీసి జేబులో వేసుకుంటాడు, ఎంగిలాకులు ఎత్తే చప్పుడు చెవిలో గుచ్చుకుంటాది అంటాడు. నేను ఆ సినిమా మంచి హెడ్‌ఫోన్స్‌తో విన్నప్పుడు ఆ పియానోలో కట్టె చప్పుడు విని ఆపేసి మా నాయన గదిలోకి పోయి ఊరికే కాసేపు కూర్చున్నా.

అందుకే చెప్తాండా, ఆ పియానో కథకు పైన పూసిన పూత కాదు. ఆ అమ్మాయి చెవిలో ఏముంటాదో కథలో ఎవరూ మాటల్లో చెప్పరు, పియానో చెప్తాది. మ్యూట్‌లో నువ్వు ఆ డైలాగులన్నీ మిస్ అయినావు తమ్ముడూ.

మీ బావ ప్రశ్నకు నేను రోజూ చూసేది చెప్తా. తాళి కట్టే టైంకి పురోహితుడు చెయ్యెత్తి సైగ చేస్తాడు, గట్టిమేళం మొదలైతాది, డోలు నాదస్వరం ఒక్కసారి విరుచుకుపడతాయి, ఆ క్షణంలో పెళ్ళికూతురు తల్లి ఏడుస్తాది. పొద్దున్నించి నవ్వుతా అందరినీ పలకరించిన మనిషే. డోలు వాయించి ఎవరినైనా ఏడిపించగలరా? రోడ్డు మీద పోయేటోడు అదే మేళం విని బిర్యానీయా శాకాహారమా అని అడుగుతాడు. ఆమెకు మాత్రం నెల నుంచి లోపల పేరుకుపోయినదానికి అది తలుపు తీసింది.

రాగాల మీద కూడా ఒక మాట, ఇష్టమున్నోళ్ళు చదవండి. జపాన్ వాళ్ళ పాత పాటల్లో, బడి పాటల్లో నాలుగో స్వరం, ఏడో స్వరం తీసేసిన స్కేల్ ఒకటి ఉంది, యోనానుకి అంటారు. అంటే స రి గ ప ద, మన మోహనం. దాంట్లోనే బాధగా ఉండే ఇంకో రకం ఉంది, శివరంజనిలో ధైవతం ఒక్కటి అరమెట్టు కిందికి దించితే అదే. కీబోర్డు మీద సీ నుంచి మొదలుపెట్టి సీ, డీ, ఈ ఫ్లాట్, జీ, ఏ ఫ్లాట్ నొక్కి చూడండి, మీరు చిన్నప్పుడు చూసిన ఏదో ఒక అనిమే గుర్తుకొస్తాది. మనకు భాష రాకపోయినా ఆ ట్యూన్లు అంత తొందరగా ఎక్కేదానికి ఇదొక కారణం అని నా గట్టి నమ్మకం, మన చెవులకు ఆ మెట్లు ముందే అలవాటు.

బుగ్గవంక_22, కడప

కీస్ అన్నా, పియానో లోపల మైకులు పెట్టిన సంగతి చదివినాక చెల్లెల్ని పిలిచి చదివి వినిపించినా. నేను చెవులు వినపడని అమ్మాయి సినిమాను చెవులు మూసుకుని చూసినా, చూసి మొత్తం అర్థమయింది అనుకున్నా. సబ్‌టైటిల్స్‌లో కథ ఉంటాది, ఆ పిల్ల లేదు అందులో. అనంత అక్కా, నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆట ఆడతారా, చూడాలంటే ఎప్పుడు పోవల్ల?

ఆదోని_చలి, ఆదోని

నాకు మ్యూజిక్ నాలెడ్జ్ ఏమీ లేదు, వింటానంతే. డీమన్ స్లేయర్ అనే అనిమే సిరీస్ మొదటి సీజన్ 19వ ఎపిసోడ్ గురించి ఎవరూ రాయలేదే అని రాస్తున్నా. 2019లో వచ్చింది, నేను హాస్టల్లో ఉన్నప్పుడు చూసినా, ఒక ఫోన్, ఒక ఇయర్‌ఫోన్ జత, ఇద్దరం చెరొక చెవిలో పెట్టుకుని దుప్పటి కప్పుకుని. ఆ ఎపిసోడ్ చివర ఫైట్ పీక్‌లో ఉన్నప్పుడు అరుపులు, కత్తుల చప్పుడు పెట్టాల్సిన చోట ఒకామె గొంతు మెల్లగా మొదలవుతుంది, జోలపాట పాడుతున్నట్టు. గో షియినా కంపోజిషన్, పాడింది నామి నకగావా. ఆ పాట మీదనే ఫైట్ అయిపోతుంది, పేర్లు కూడా ఆ పాట మీదనే పడతాయి. నాకు జపనీస్ ఒక్క ముక్క రాదు. కానీ అది చంపడానికి ఎత్తిన కత్తి కాదు, చెల్లెల్ని కాపాడుకోవడానికి ఎత్తిన కత్తి అని ఆ గొంతు వల్లనే అర్థమయింది. నా పక్కనున్న అమ్మాయి ఇంటి నుంచి వచ్చి అప్పటికి వారమే, తనకొక తమ్ముడున్నాడు, పాట అయిపోయినాక ఇయర్‌ఫోన్ తీయకుండా అట్లనే పడుకుంది. మామూలు ఫైట్ మ్యూజిక్ పెట్టి ఉంటే మేమిద్దరం సూపర్ సూపర్ అని అరిచి నిద్రపోయేవాళ్ళం.

డీమన్ స్లేయర్ సినిమా ఇన్ఫినిటీ కాసిల్ 2025లో తెలుగు డబ్బింగ్‌తో కూడా వచ్చింది కదా, అన్న వాళ్ళతో పోయి థియేటర్లో చూసినా, ఆ సౌండ్‌కి సీటు అదిరింది. బాగుంది. కానీ సగం ఇయర్‌ఫోన్‌లో విన్న ఆ పాటే నాకు పెద్దది.

బురుజు_కాడ, కర్నూలు

కీస్ అన్నా, గట్టిమేళం మాటకు నా దగ్గర ఎదురు లేదు. నేనన్న రెండు రకాల కన్నీళ్ళలో మీరు చెప్పింది రెండోది, తలుపు వెనక ఏదో ఉంటేనే తలుపు తీస్తే బయటికి వస్తుంది. ఏమీ లేని చోట తలుపు తీసి గాలి కొడితే అది మొదటి రకం. అట్ల పెట్టుకుంటే నాకు, తమ్ముడి బావకు, మీకు గొడవ లేదు.

ఒక ఉదాహరణ గుర్తుకొచ్చింది. డ్రాగన్ బాల్ జీకి జపాన్‌లో మ్యూజిక్ షున్సుకె కికుచి, మనం చిన్నప్పుడు చూసిన పాత డోరేమాన్‌కు కూడా ఆయనే. అమెరికాలో ఫ్యునిమేషన్ వాళ్ళు డబ్బింగ్ చేసేటప్పుడు 1999 నుంచి ఆయన మ్యూజిక్ మొత్తం తీసేసి బ్రూస్ ఫాల్కనర్‌తో కొత్తగా పెట్టించినారు. కికుచిది బ్యాండ్, ట్రంపెట్లు, పాత జానపద సినిమాలో కత్తియుద్ధంలాగా ఉంటుంది, చాలా చోట్ల మ్యూజిక్ లేకుండా ఊరికే వదిలేస్తాడు. ఫాల్కనర్‌ది సింథ్, గిటార్, ఎక్కడా ఖాళీ ఉండదు. ఒకే ఫైట్ రెండు రకాలుగా పెట్టుకుని చూసినా. జపాన్‌దాంట్లో హీరో గోకు భయపడుతున్నాడేమో అనిపించే చోట, అమెరికాదాంట్లో గెలవబోతున్నాడు అనిపిస్తుంది. గీత కూడా మారలేదు, మనిషి మారిపోయినాడు. దేంతో పెరిగినోళ్ళు దాన్నే అసలైన గోకు అంటారు, నేను వాళ్ళను తప్పు పట్టలేను.

క్లాక్‌టవర్_అనంత, అనంతపురం

బుగ్గవంక తమ్ముడూ, నిమ్మలకుంటలో ఇప్పుడు ఎక్కువమంది తోలుతో ల్యాంప్‌షేడ్లు, గోడకు పెట్టుకునే బొమ్మలు చేసి బతుకుతాండారు, ఆట పిలిచేటోళ్ళు తగ్గిపోయినారు. పిలిస్తే ఆడతారు. పోతే షేడ్ కొనుక్కుని వచ్చేయొద్దు, ఒక పద్యం పాడమని అడుగు. షేడ్ అందంగా ఉంటాది, ఇంట్లో నాకూ ఒకటుంది, లైటు వేసినప్పుడల్లా దానికి గొంతు లేదే అనిపిస్తాది.

ఆదోని చెల్లీ, ఆ దుప్పటి కింద పాట సంగతి చదివి ఈ పొద్దు ఆ ఎపిసోడ్ పెట్టుకున్నా.

బుగ్గవంక_22, కడప

అప్‌డేట్ ఇస్తాండా. ఆదివారం మా బావ ఇంటికొచ్చినాడు. మీరు రాసిందేదీ ముందు చెప్పలేదు, ఊరికే సినిమా చూద్దాం రా అని కూర్చోబెట్టి, కూలర్ కూడా ఆపేసి, చెల్లెలు కిటికీ తలుపులేసింది. చెమటలు కారిపోతాండాయి ముగ్గురికీ. సినిమా మొదలైంది, మెల్లగా పియానో వచ్చింది, కీస్ అన్న చెప్పినాక నాకు ఇప్పుడు స్వరం కంటే ముందు ఆ కట్టె చప్పుడే వినపడతాంది. రెండు నిమిషాలు కాలేదు, బావ ముందుకు వంగి స్పీకర్ మీద చెవి పెట్టి, ఏంరా, ఇంకా బాగయినట్టు లేదే ఇది, లోపల ఏదో కిర్రుమంటాంది, తీసుకుపోయి మళ్ళీ చూపించు అన్నాడు.

ఆపేసి అప్పుడు చెప్పినా, మైకుల సంగతి, చెవి మిషన్ సంగతి, అంతా. ఏమీ మాట్లాడలేదు. మొదటి నుంచి పెట్టు అన్నాడు.